స్టాండు మీద సైకిలు

“విరిగింది ఎడమ చెయ్యే గద? సంతకానికి కుడి చెయ్యి సాలు. పెట్టు!”

పాండురంగం రాజీనామా కాగితాన్ని భార్య ముందుకు తోశాడు. పిండికట్టు వేసిన చేతిని ఒళ్లో పెట్టుకుని యాదలక్ష్మి దానివైపు చూసింది. పదేళ్ల నర్సు ఉద్యోగం! సైకిలు మీద చంపాపేట నుంచి బడంగ్‌పేట దాకా ఎండనక, వాననక తిరిగి ఎంతమంది తల్లులకు పురుళ్లు పోసింది! అదంతా మూడు వాక్యాల్లో ముగించేశాడు మహానుభావుడు!

“కట్టు విప్పినంక సూద్దాం,” అంది మెల్లగా.

“ఏం సూస్తవ్? నెలన్నర కూసున్న కాళ్లు గంత దూరం తొక్కుతయా? సైకిల్ తొక్కలేని నర్సును దవాఖానోళ్లు ఉంచుకుంటరా? ఊకె నన్ను పరేషాన్ చెయ్యకు!” అంటూ అతను డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఎల్బీనగర్ దాటాక వెలిసిన కొత్త కాలనీ అది. ఎటు చూసినా హద్దురాళ్లు, సగం లేచిన గోడలు... పలకరించే పొరుగైనా లేదు. అత్తగారు అనంతమ్మకు కంటిచూపు మందగించింది. ఆవిడకు చుక్కల మందు తేవడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, మునిమాపు వేళ సైకిలు మీద తిరిగివస్తూ యాదలక్ష్మి మంచినీళ్ల పైపుల కోసం తవ్విన గుంతలో పడింది. ఆనాటి నుంచి అత్తగారు మాట మానేసింది! అన్నం పళ్లెం ముందు పెట్టి, తడుముకుంటూ గదిలోకి పోయి తలుపు వేసుకునేది. ‘నేనేం పాపం చేశాను?’ అని యాదలక్ష్మి గుండె తరుక్కుపోయేది...

కానీ కాళ్లు చచ్చుపడితే బతుకే పోతుంది! అందుకే మధ్యాహ్నం పెరట్లో సైకిలుకు స్టాండు వేసి, కుడిచేత్తో గోడ పట్టుకుని ఎక్కింది. వెనక చక్రం గాల్లోనే గిర్రున తిరిగింది. అలా రోజూ తొక్కుతూ, ఒంటరితనం భరించలేక తనలో తానే పైకి మాట్లాడుకునేది.

“ఇగ చంపాపేట దాటిన... మీర్‌పేట ఎత్తు, జర గట్టిగ తొక్కాలె... బడంగ్‌పేట ఒచ్చింది. కిష్టమ్మా, ఎట్లున్నవ్? కాళ్ల వాపు తగ్గిందా? ఇది నీకు తొలుసూరు, పైలం!”

ఎవరు బదులిస్తారు? గొలుసు చప్పుడు తప్ప మరేమీ లేదు.

ఒకనాడు మీర్‌పేట ఎత్తు మీద, అంటే ఆ పెరట్లోనే, దుఃఖం ఆగక హ్యాండిల్ మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. అత్తగారి గది గొళ్లెం చప్పుడైంది. ‘నా ఏడుపు కూడా ఆవిడకు రోతే కాబోలు, గొళ్లెం పెట్టుకుంటోంది’ అనుకుని కళ్లు తుడుచుకుంది. అయినా తొక్కడం మానలేదు. కట్టు విప్పే ముందురోజు మాత్రం బెంగతో ఎవరినీ పలకరించకుండానే తొక్కి దిగింది.

నలభై రోజులకు కట్టు విప్పారు. మెల్లగా సైకిలు తొక్కవచ్చని డాక్టరు చెప్పాడు. ఇంటికి రాగానే పాండురంగం మళ్లీ అదే కాగితం, కలం!

“కాళ్లల్ల బలం ఉన్నదంటవ్. ఎవరు సూసిన్రు?”

యాదలక్ష్మి పెరట్లోని సైకిలు వైపు చూసింది. నిజమే... ఎవరు చూశారు?

గది తలుపు తెరుచుకుంది. అనంతమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది.

“గా కాయితం తియ్‌రా! నలభై దినాలసంది దినాం బడంగ్‌పేట పోయొస్తున్నది నా కోడలు. నేను గూడ ఎంబడి పోయిన.”

“నువ్వెక్కడ పోయినవే అమ్మా?”

“తలుపెనక కూసోని పోయినరా!” ఆవిడ కోడలి సన్నబడిన చేతిని తడిమి పట్టుకుంది. “నా కండ్ల మందుకు పోయే గద పడ్డవ్ బిడ్డా... ఏ మొఖం పెట్టుకోని నీతోని మాట్లాడాలె? నువ్వు మీర్‌పేటకాడ ఏడ్సిన నాడు గొళ్లెం తీసిన... బయటికొచ్చే ధైర్యం రాలే!”

“అత్తమ్మా...!” యాదలక్ష్మి ఆవిడ భుజం మీద వాలిపోయింది.

పాండురంగం కాగితాన్ని మడతపెట్టాడు. “మల్ల పడితే ఎట్ల, లక్ష్మీ?” అన్నాడు గొంతు తగ్గించి. తన భయాన్ని అతను బయటపెట్టడం అదే మొదటిసారి.

“పడితే లేస్తది,” అంది అనంతమ్మ. కోడలి కన్నీళ్లు కొంగుతో తుడిచి, పెరటి వైపు తిప్పింది.

“నిన్న కిష్టమ్మను పలకరియ్యకనే మర్లొస్తివి. ఆ పిల్లకు నెలలు నిండినయ్ గద బిడ్డా... జల్ది పో.”

యాదలక్ష్మి సైకిలును స్టాండు మీంచి దించింది.