చిన్న పిడికిలెత్తు ఉచ్చు

పొద్దున్నే బూడిదలోంచి రొట్టె తీస్తుంటే ఐజక్ బయటి నుంచి పిలిచాడు. గుడిసె వెనక గడ్డిలో ఎవరో తీగ ఉచ్చు పెట్టారట. నేనే పెట్టానని వాడి అనుమానం. ఇంత కిందికి పెడితే ఎలకలే పడతాయన్నా అని ఎగతాళి చేశాడు.

ఉచ్చుల సంగతి మా ఇద్దరికీ ఒకరు చెప్పక్కర్లేదు. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో దొరగారి అడవిలో కుందేళ్ళు పట్టినందుకే కదా, సంకెళ్ళేసి ఒకే ఓడలో మమ్మల్ని సముద్రాలు దాటించి ఈ వాన్ డీమెన్ దీవికి తోలింది, గొర్రెలు కాయమని! పిడికిలి నేలకానించి బొటనవేలు నిలబెడితే ఎంత ఎత్తో, ఉచ్చు అంత ఎత్తున ఉండాలి. ఎవడి చెయ్యి వాడికి కొలత. ఐజక్ చెయ్యి చేటంత. మా ఊళ్ళో వాడి ఉచ్చుకే ఎత్తెక్కువ.

నేను కాదన్నాక వాడు వంగి, ఉచ్చు కట్టిన మేకు పీకి చూశాడు. హేజెల్ పుల్ల. పచ్చిది. మా ఊరి పొదల్లో తప్ప, ఈ దీవంతా గాలించినా ఆ చెట్టు కనపడదు. ఐజక్ దాన్ని వాసన చూసి అక్కడే కూలబడ్డాడు.

వాడికి ఒక్కతే కూతురు, కెజియా. తల్లి లేని పిల్ల. ఆరేళ్ళకే తండ్రి పక్కన కూర్చుని ఉచ్చులు పెట్టేది. వాణ్ణి బండెక్కించిన రోజు ఏడవలేదట. ఉచ్చేసి నిన్ను పట్టుకుని ఇంటికి తెచ్చుకుంటా నాన్నా, అందట. ఏడేళ్ళుగా ఒక్క కబురు లేదు. అది ఉందో లేదో అన్న బెంగే వాణ్ణి తినేసేది.

"వచ్చేసిందన్నా నా తల్లి" అంటూ ఆ రోజంతా పేరు పెట్టి పిలుస్తూ కొండలన్నీ తిరిగాడు.

సాయంత్రం మంచు దిగింది. గొర్రెలన్నీ ఓ మూలకి ఒదిగిపోయాయి, ఒక్కటీ అరవలేదు. గుడిసెలో తడి ఆకుల వాసన… మా ఊరి అడవి వాసన. దీపం పట్టుకుని చూస్తే గడప అవతల ఇంకో ఉచ్చు.

ఐజక్ దాని పక్కన పిడికిలి ఆనించాడు. ఉచ్చు వాడి బొటనవేలి మొదలు కూడా దాటలేదు.

"ఇప్పటికి పదమూడేళ్ళ పిల్ల" అన్నాడు. "దాని చెయ్యి… పెరగలేదేం అన్నా?"

వాణ్ణి లోపలికి లాగి, గడియ పెట్టి, తలుపుకి వీపానించి కూర్చున్నాను.

బయట చిన్న అడుగులు… ఆగాయి. తీగ సవరిస్తున్న చప్పుడు.

ఐజక్ జోళ్ళు విప్పాడు.

"తప్పుకో అన్నా."

"వద్దురా."

"ఇన్నాళ్ళూ ఒక్కతే ఉంది. చలిలో ఉంది." నా భుజం మీద చెయ్యేశాడు. "నిన్నొదిలేస్తానా… నీకోసమూ వస్తాంలే."

తప్పుకున్నాను. కన్నతండ్రిని ఎలా ఆపను?

తెల్లారాక చూస్తే ఉచ్చు బిగిసి ఉంది. అందులో ఏమీ లేదు. మంచు పట్టిన గడ్డి మీద పెద్ద పాదాలు, పక్కనే చిన్నవి… సముద్రం వైపు. ఇక్కడి గొర్రెల దొర మనుషులు కుక్కల్తో వెతికి, పారిపోయాడని తేల్చేశారు. వాడి జోళ్ళు నా మంచం కిందే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా ఏడుపు ఆగదు.

నాకు ఊళ్ళో నా అన్నవాళ్ళెవరూ లేరు. నాకోసం ఉచ్చు వేసేవాళ్ళూ లేరు.

ఇవాళ పొద్దున గడప అవతల రెండున్నాయి. ఒకటి బాగా కిందికి. రెండోది నా పిడికిలికి అందనంత ఎత్తున.

రెండు పుల్లలూ పచ్చివే.