యాభై ఎనిమిది పడ్డ నాణెం

కత్తెర మొన విరిగిందని ఆ ఇంట్లో పొద్దున్నే రాద్ధాంతం జరుగుతోంది.

"నా కత్తెర ఎవరు ముట్టుకున్నారమ్మా? చూడు, మొన ఎలా ఎగిరిపోయిందో!"

"కత్తెరన్నాక విరగదా? కొత్తది కొనుక్కో."

"విరిగినందుకు కాదు నా బాధ. విరిచినవాళ్ళు చెప్పనందుకు. సోమవారం క్లాసులో పిల్లలతో బొమ్మలు కత్తిరించాలి నేను."

"ముష్టి కత్తెర కోసం తల్లిని బోనులో నిలబెడతావా? ఇంట్లో ఉన్న ఏడుపు చాలదా?"

గుమాస్తా కాలింగ్ బెల్ మీదికి చాచిన వేలు వెనక్కి తీసుకున్నాడు. పక్కన నిలబడ్డ మేడమ్ కళ్ళతోనే ఆగమని సైగ చేసింది. ముప్పై ఏళ్ళు కోర్టులో వాంగ్మూలాలు రాసి రిటైరైన గుమాస్తా, ఈ ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర చేరి నాలుగేళ్ళయింది. జనం ఆవిడని ఎదురుగా మేడమ్ అనీ, వెనకాల ఆరాలమ్మ అనీ అంటారు. ఆ రెండో పేరే తనకు ఎక్కువ నప్పిందని ఆవిడ నమ్మకం.

"బెల్లు మోగాక ఎవరూ ఇంత నిజంగా మాట్లాడుకోరు" అంది ఆవిడ మెల్లగా. "ఇప్పుడు కొట్టండి."

తలుపు తీసినది ఇంటి పెద్దాయన. ముప్పై అయిదేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, ఇప్పుడు నాణేలు సేకరిస్తూ కాలం గడుపుతున్న మనిషి. నిద్ర లేక ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. గదిలో బల్లమీద ముత్యాల్లాంటి దస్తూరీతో ఒక కాగితం ఉంది. అది పోలీసులకు ఇవ్వవలసిన ఫిర్యాదు.

"మీరు కనిపెట్టాల్సిందేం లేదమ్మా" అన్నాడు. "చేసింది నా తమ్ముడే. సాక్ష్యం చూపిస్తే చాలు. సాయంత్రం ఈ కాగితం స్టేషన్లో ఇచ్చేస్తాను."

"అయితే నాకు సాయంత్రం దాకా టైముంది. మొదటినుంచి చెప్పండి."

ఆయన చెప్పాడు. ఓడ బొమ్మ ఉన్న వందేళ్ళ నాటి వెండి నాణెం అది. నాణేలను పరీక్షించే సంస్థ ఒకటి దానికి డెబ్బైకి యాభై ఎనిమిది గ్రేడు వేసి, లేబుల్‌తో సహా పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇచ్చింది. యాభై ఎనిమిదంటే, కాస్తో కూస్తో చేతులు మారి అరిగిందని అర్థం. అరవై దాటితే ఎవరి చేతా వాడబడనిదని అర్థం.

"అది అరవై రెండు నాణెం. యాభై ఎనిమిదన్నది అచ్చుతప్పు!" అన్నాడు పెద్దాయన. "మళ్ళీ పంపితే సరిదిద్దుతారు. కానీ కిందికి దిగినా దిగొచ్చు. పంపాలా వద్దా అని ఏడాదిగా కొట్టుకుంటున్నాను. పంపు పంపు అని తమ్ముడు ఒకటే పోరు. వాడికి నాణేల షాపుంది. మంగళవారం వచ్చాడు. ఫోనొస్తే పది నిమిషాలు బయటికెళ్ళాను, పెట్టె వాడి ముందే ఉంది. బుధవారం తెల్లారకుండానే, ఆస్పత్రిలో ఉన్న పాత స్నేహితుణ్ణి చూడ్డానికి పక్క ఊరెళ్ళాను. గురువారం సాయంత్రం వచ్చి పెట్టె తెరిస్తే ఇదుగో."

చిన్న చెక్కపెట్టెలో పాత లేబుల్ మీద నాణెం ఒంటరిగా పడి ఉంది. డబ్బా లేదు. నాణెం అద్దంలా తళతళ మెరుస్తోంది.

"నా నాణెం బూడిదరంగులో, మబ్బుపట్టిన ఆకాశంలా ఉండేది. ఇది నాది కాదు. డబ్బా పగలగొట్టి అసలుది తీసుకుని, ఏదో దొంగది పెట్టాడు. పెట్టె మీద నేనంటించిన చీటీ కూడా మాయం."

"చీటీలో ఏముంది?"

"పంపడం గురించి నాకు నేను రాసుకున్న మాట. నాకు అలవాటు లెండి, ఇంట్లో ఏ పనైనా చీటీ మీదే నడుస్తుంది."

ఆవిడ భూతద్దం తీసింది. నాణెం మీద వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, అన్నీ గుండ్రంగా ఒకే వైపు తిరిగి ఉన్నాయి. అక్షరాల సందుల్లో ఇటుకపొడి లాంటి ఎరుపు ఇరుక్కుని ఉంది. తర్వాత, సంస్థవాళ్ళు అప్పట్లో ఇచ్చిన ఫొటో అడిగి తీసుకుని, రెంటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

వంటింటి గుమ్మం పక్కన, చెక్కదిమ్మకు బిగించిన ఇనుప ముల్లుకి గుత్తిగా చీటీలు గుచ్చి ఉన్నాయి. ప్రెస్సు నుంచి వచ్చిన వస్తువని చూడగానే తెలుస్తుంది.

"పని పూర్తయిన చీటీలు" అన్నాడు పెద్దాయన, ఆ కష్టంలోనూ కాస్త గర్వంగా. "పని కాకుండా మా ఇంట్లో చీటీ ముల్లెక్కదు. రాయడం నా వంతు, చేయించడం మా ఆవిడ వంతు."

మేడమ్ సైగ చేస్తే గుమాస్తా పైనుంచి వరుసగా చదివి నోట్‌బుక్‌లో ఎక్కించాడు. 'కరెంటు బిల్లు.' 'పళ్ళ డాక్టరు.' ఒక అక్షరం కొట్టేసి దిద్దిన 'మెరుగుకి పంపాలి.' 'గొడుగు బాగుచేయించాలి.' ఏ ఇంట్లోనైనా ఉండేవే. ఆడవాళ్ళున్న ఇంట్లో నగలకి మెరుగు పెట్టించడం కూడా మామూలే అనుకుంటూ పేజీ తిప్పాడు.

ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చింది. ఆవిడ చేతి గాజులు సందుల్లో నల్లబారి ఉన్నాయి.

"మీకు నాణేల గురించి తెలుసా అమ్మా?"

"నాకేం తెలుసు? అడిగితే 'నీకెందుకులే' అంటారు. ఆ పెట్టె దుమ్ము దులపడం తెలుసు."

"మీ మరిది మీద మీకు అనుమానం ఉందా?"

ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "వాడు నా చేతి అన్నం తిని పెరిగాడండీ" అంది. ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు.

*

తమ్ముడి షాపు రెండు బారల గది. మాటలు మొదలవగానే అతను గల్లా మీద రెండు చేతులూ ఆనించాడు.

"దొంగనన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"రాశారు కూడా" అంది మేడమ్.

అతని మొహం పాలిపోయింది. పెట్టెలోని నాణెం తళతళ మెరుస్తోందని మేడమ్ చెబితే, ఒక నాణెం తీసి అంచులు మాత్రమే వేళ్ళ మధ్య పట్టుకుని చూపించాడు. "ఇలా పట్టుకుంటాం. మొహం మీద వేలు కూడా వెయ్యం. మా అన్నయ్య నాణేన్ని రుద్దేకంటే నా చెయ్యి నరుక్కుంటాను. రుద్దిన నాణెం చచ్చినట్టే. ఇక దానికి అంకె ఇవ్వరు, 'తోమినది' అని రాసి తిప్పి పంపుతారు."

"మంగళవారం ఏం జరిగింది?"

"ఏడాదికి నోరు తెరిచి సరేనన్నాడు. ఈ శనివారం ఆ సంస్థ మనిషి నా షాపుకొస్తాడు, నాణేలు తీసుకెళ్ళడానికి. 'పంపాలా' అని రాసుకున్న చీటీని నా ఎదురుగానే దిద్దాడు. లా కొట్టేసి లి పెట్టాడు. జీవితంలో అంత పెద్ద నిర్ణయం ఎప్పుడూ తీసుకోలేదన్నట్టు చెమట తుడుచుకున్నాడు."

రోడ్డు మీదికి వచ్చాక గుమాస్తా గొంతు తగ్గించాడు. "మేడమ్, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోలేదు గానీ, పది నిమిషాలు పెట్టె అతని దగ్గరే ఉంది. విద్య తెలిసినవాడు. నాకైతే ఇతనే..."

"ఆ ఇల్లాలి గాజులు ఎలా ఉన్నాయో చూశారా?"

"నల్లబారి ఉన్నాయి."

"మీ కళ్ళు ఎప్పుడూ సరిగ్గానే చూస్తాయి. కాస్త నమ్మండి వాటిని. తమ్ముడుగారిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళండి. నాకు మధ్యలో ఒక్క దుకాణంలో పనుంది."

తన కళ్ళు సరిగ్గా చూసిందేమిటో గుమాస్తాకి దారంతా అంతుపట్టలేదు.

*

మధ్యాహ్నానికి అందరూ గదిలో కూర్చున్నారు. అన్నదమ్ముల మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉంది. కూతురు తండ్రి పక్కన, ఇల్లాలు వంటింటి గుమ్మంలో.

"మొట్టమొదటి మాట" అంది మేడమ్. "దొంగతనం జరగలేదు. ఓడ తెరచాప కింద, అంచు దగ్గర, చిన్న నొక్కు ఉంది. పాత ఫొటోలో ఉంది, ఈ నాణెం మీదా ఉంది. ఇది మీదే."

పెద్దాయన నాణేన్నీ ఫొటోనీ లాక్కున్నట్టు తీసుకున్నాడు. చూశాడు. చెయ్యి కిందికి జారింది.

"అయితే ఈ మెరుపు?"

"ఎవరో రుద్దారు. తమ్ముడుగారు రుద్దరు, అది నాణేనికి చావని ఆయనకి తెలుసు. డబ్బా తెరవడానికి ఆయనకి షాపులో పనిముట్లున్నాయి, కాగితాల కత్తెర మొన విరగ్గొట్టుకోనక్కర్లేదు."

కూతురు చటుక్కున తల తిప్పింది.

"అక్షరాల్లో ఇరుక్కున్న ఎర్రపొడి, నగలకి మెరుగు పెట్టేవాళ్ళ బల్ల మీద ఉండేది. ముల్లుకి 'మెరుగుకి పంపాలి' అన్న చీటీ ఉంది, అంటే పని అయిపోయిందన్నమాట. కానీ ఈ ఇంట్లో గాజులు నల్లగానే ఉన్నాయి. మరి మెరుగుకి వెళ్ళిందేమిటి?" ఆవిడ చీటీ తీసి బల్లమీద పెట్టింది. "లా కొట్టేసి లి దిద్దారు. మీ దస్తూరీయేనా?"

"నాదే. పెట్టె మీది చీటీ ఇది! ముల్లుకెలా..." పెద్దాయన మాట మధ్యలో ఆగిపోయింది.

"మెరుగంటే ఏమిటండీ?"

"గ్రేడు మెరుగవడం. ఇంకేముంది?"

ఆవిడ గుమ్మం వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. మెరుగంటే?"

"మెరుగంటే మెరుగే" అంది ఇల్లాలు. "కంసాలి దగ్గర పెట్టించేది."

గుమాస్తా తన నోట్‌బుక్‌లో తానే రాసుకున్న ఆ రెండు మాటల్ని చూసుకుని సిగ్గుపడ్డాడు. ఆ అర్థంలోనే కదా తనూ చదివి పేజీ తిప్పాడు!

"ముప్పై రెండేళ్ళలో మీ చీటీ ఒక్కటీ నేను మిగల్చలేదు" అందావిడ భర్తతో. "బుధవారం పొద్దున చూస్తే పంపాలి అనుంది. తీసుకెళ్ళాను. డబ్బాలోంచి తీస్తేగానీ కుదరదన్నాడు కంసాలి. ఇంటికొచ్చి కత్తెరతో విప్పి మళ్ళీ వెళ్ళాను. మీరు వచ్చి చూసి సంతోషిస్తారనుకున్నా. మీరేమో ఇది నాది కాదు, మార్చేశారు అన్నారు. కంసాలే మార్చేశాడేమో, మీ ప్రాణం లాంటి వస్తువు నా చేతులారా పోగొట్టానేమో అని... నోరు రాలేదండీ."

"మార్చలేదు" అంది మేడమ్. "ఇప్పుడే కలిసొచ్చాను. 'కడిగిన ముత్యంలా చేసిచ్చానమ్మా, బాగుందన్నారా?' అని అడుగుతున్నాడు పాపం."

నవ్వు రావలసిన మాటే. ఎవరికీ రాలేదు.

"వదినా" అన్నాడు తమ్ముడు. "అన్నయ్య నా పేరు చెప్పినప్పుడు కూడా నోరు రాలేదా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాలేదురా" అంది. "రావాల్సింది. రాలేదు."

పెద్దాయన లేచి ఫిర్యాదు కాగితాన్ని నిలువుగా, తర్వాత అడ్డంగా చించాడు. ముక్కలు ఎక్కడ పడేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "ఒక్కసారైనా చెప్పలేదు నేను" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "అంకెలంటే ఏమిటో ఒక్కసారి కూర్చోబెట్టి చెబితే అయిపోయేది."

*

మేడమ్‌నీ గుమాస్తానీ భోంచెయ్యకుండా వెళ్ళనివ్వలేదు. ఇల్లాలు వడ్డించింది. మిగతా అయిదుగురూ బల్ల చుట్టూ కూర్చుని తింటున్నారు.

"రేపు నాణెం పంపుతున్నాను" అన్నాడు పెద్దాయన హఠాత్తుగా.

కూతురు తలెత్తింది. "ఎందుకు నాన్నా? అంకె ఇవ్వరుగా ఇక. పాత లేబుల్ అయినా ఉంది మనకి."

"అది ఉంది కాబట్టే. నేను పోయాక ఎవరో దాన్ని నమ్మి ఈ నాణెం కొంటారు. రాసింది ఒకటి, ఉన్నది ఒకటీ అయినప్పుడు దిద్దాల్సిందే. లేబుల్ కూడా వెనక్కిచ్చేస్తాను. తోమినదని రాసివ్వనీ. నా బతుకంతా చేసిన పని దిద్దడమే." ఆయన తమ్ముడి వైపు చూశాడు. చూపు నిలవలేదు. "షాపుకొచ్చే మనిషికి నువ్వే ఇవ్వరా. నీ చేతులమీదుగా వెళ్తే బాగుంటుంది."

తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నీళ్ళు తాగాడు.

"నేను ఇవ్వనన్నయ్యా. నువ్వే వచ్చి ఇచ్చుకో. అందరిలాగే క్యూలో నిలబడు. ఇక నీ పెట్టె నా ముందు తెరవకు, నేనూ చూడను." గ్లాసు కింద పెట్టాడు. "వదిన పిలిస్తే అన్నానికి వస్తాను. నాణేల కోసం మాత్రం ఈ ఇంటి గడప తొక్కను."

పెద్దాయన తల దించుకుని, సరేనన్నట్టు ఊపాడు. ఇల్లాలు మరిది వెనకాల వచ్చి నిలబడి, అడగకుండానే ఇంకొంచెం వడ్డించింది. అతను వద్దనలేదు.