పులి ఏడాది కోడలు

వియత్నాంవాళ్ళ కొత్త ఏడాది పండుగ టెట్ తెల్లారింది. హనోయిలో ఆ వీధంతా అగరొత్తుల వాసన. న్యాన్ గారింట్లో మాత్రం అందరి కళ్ళూ గుమ్మం మీదే ఉన్నాయి. కొత్త ఏడాదిలో ఎవరి అడుగు ముందు పడితే ఇంటికి ఏడాదంతా వాళ్ళ జాతకమే. కిందటేడు పక్కింటి ఏడుపుగొట్టు ముసలాయన ముందుగా వచ్చాడు. అంతే, తుఫానుకి కొట్టు పైకప్పు లేచిపోయింది, న్యాన్ భర్త తువాంగ్ కాలు విరిగింది. అందుకే ఈసారి జాతకం కుదిరిన తన తమ్ముడు లోక్‌ని పిలిచింది ఆవిడ. అతను వచ్చేదాకా చీమ కూడా లోపలికి రాకూడదు.

ఇంతలో కోడలు కుయెన్ చెప్పులు తొడుక్కుంటూ కనిపించింది.

“పండగపూట ఎక్కడికే?”

“ల్యాబ్‌కి అత్తయ్యా. నిన్న కణాల్లోకి అయస్కాంతపు రేణువులు ఎక్కించాను. ఈ పూట చూడకపోతే పాడైపోతాయి.”

“ఇవాళ పండగని వాటికి చెప్పలేకపోయావా?”

“చెప్పాను. వినలేదు.”

తువాంగ్ ఫక్కున నవ్వాడు. న్యాన్ ఆయన్ని ఉరిమి చూసింది.

“సరే, వెళ్ళు. కానీ లోక్ మామయ్య వచ్చేదాకా గేటు బయటే నిలబడు. పులి పేరున్న ఏట పుట్టినదానివి, కీడు జాతకం, నువ్వు ముందు అడుగుపెడితే మన గతేంటి? ఏదైనా తేడా వచ్చిందో, ఆ ల్యాబ్ మానేసి మన కొట్లో బాన్ చుంగ్ అన్నపు ముద్దలకి ఆకులు చుట్టుకుంటూ కూర్చోవాలి. ముందే చెప్తున్నా!”

కుయెన్ మనసు చివుక్కుమంది. ల్యాబ్ పనంటే ఆమెకి ప్రాణం. అలాగేనని తలూపి స్కూటర్ ఎక్కింది.

కణంలో రెండు ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయని ఆమె నమ్మకం. కణాన్ని చంపి, నలగ్గొట్టి చూస్తే ఆ సంగతి సరిగా తేలదు. బతికున్న కణంలోనే చూడాలని ఆమె పట్టుదల. అందుకే మొదటి ప్రొటీన్‌ని కంటికి కనపడనంత చిన్న అయస్కాంతపు రేణువులకి తగిలించింది. రెండోదానికి ఆకుపచ్చగా వెలిగే గుర్తు పెట్టింది. ఇప్పుడు ల్యాబ్‌లో సూదిమొనలాంటి అయస్కాంతాన్ని మెల్లగా కణం పక్కకి తెచ్చింది. రేణువులు అటు జరిగాయి. కుయెన్ మైక్రోస్కోప్ మీంచి కళ్ళు తీయలేదు. కాసేపటికి ఆకుపచ్చ వెలుగు కూడా అదే మూలకి చేరింది! అయస్కాంతం తీసేస్తే చెదిరిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ వచ్చింది.

ఎవరూ లేని ల్యాబ్‌లో ఆ పిల్ల చిందులేసింది. ఇంటికెలా వచ్చిందో ఆమెకే తెలియదు. గేటూ గుర్తులేదు, మామయ్యా గుర్తులేడు. రివ్వున ఇంట్లోకి దూసుకొచ్చి, వంటింట్లో అత్తగారిని వెనకనుంచి వాటేసుకుంది.

“అత్తయ్యా! వచ్చింది! దాన్ని లాగితే ఇదీ వెనకాలే వచ్చేసింది!”

న్యాన్ చేతిలోంచి గరిటె జారిపడింది.

“కొంప ముంచావు కదే! లోక్ ఇంకా రాలేదు! చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా?”

కుయెన్ మొహం పాలిపోయింది. “అయ్యో... సంతోషంలో మర్చిపోయాను అత్తయ్యా.”

“మర్చిపోయావా? నా భయం నీకు పట్టదా? మళ్ళీ ఆయనకేదైనా అయితే నేను తట్టుకోలేనే!” న్యాన్ కళ్ళనిండా నీళ్ళు.

వంటింటి గుమ్మం దగ్గర కొడుకు ఖాయ్ తల గోక్కున్నాడు. “నేను ముందుగదిలోనే ఉన్నానమ్మా. కట్టుకున్నవాణ్ణి, నావైపు చూడనైనా లేదు.”

న్యాన్ కోడలి వైపు తిరిగింది. “మొగుణ్ణి దాటుకుని నా దగ్గరికెందుకొచ్చావే?”

“ఏమో అత్తయ్యా. మీకు చెప్పాలనిపించింది. దారంతా మీకెలా చెప్పాలా అనే ఆలోచిస్తూ వచ్చాను.” కుయెన్ ఏడ్చేసింది.

న్యాన్ ఖాయ్ వైపు చూసింది. కడుపున పుట్టినవాడు కూడా ఏనాడూ తన సంతోషాన్ని ఇలా వంటింటిదాకా మోసుకురాలేదు. ఈ పిల్లకా తను వంక పెట్టింది? ఒక్కసారిగా కోడల్ని గుండెకు హత్తుకుంది.

“ఊరుకో తల్లీ, ఏడవకు. ఏది, మళ్ళీ చెప్పు. ఏది ముందు కదిలింది? ఏది వెనక వచ్చింది?”

“ఇందులో అంత పరిశోధన ఏముంది?” అన్నాడు తువాంగ్. “నలభై ఏళ్ళుగా మీ అత్త ఎటు కదిలితే నేనటే కదా!”

ఇల్లంతా నవ్వులు. “చాల్లెండి,” అంటూ న్యాన్ కళ్ళు తుడుచుకుంది. “రేపు కూడా వాటి దగ్గరికి వెళ్ళాలా?”

“వెళ్ళాలి అత్తయ్యా.”

“అయితే తిని వెళ్ళు. ఖాళీ కడుపుతో బయల్దేరావో ఊరుకోను.”

అప్పుడే గేటు దగ్గర హారన్ మోగింది. “అక్కా, ఇంట్లోకి ముందు నేనేగా?” లోక్ కేకేశాడు.

“నువ్వు తీరిగ్గా రారా తమ్ముడూ,” న్యాన్ వీధంతా వినపడేలా అరిచింది. “మా ఇంట్లో మొదటి అడుగు మా అమ్మాయి పెట్టేసింది!”