పద్దెనిమిది రోజుల నిద్ర

పొద్దున్న ఏడింటికి టాక్సీ ఆగేసరికి భర్త గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. అదే మొదటి వింత. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమె ఎక్కణ్ణించి వచ్చినా కుర్చీలోంచి లేచి ఎదురొచ్చిన పాపాన పోలేదాయన. అలాంటిది రెండు పెట్టెలూ తనే దింపి, "జాగ్రత్త, మెట్టుంది" అని కూడా అన్నాడు. సొంత ఇంటి మెట్టు ఆమెకి కొత్తా!

ముగ్గురు స్నేహితురాళ్ళతో ముప్పై రెండు రోజులు ఐదు దేశాలు తిరిగి వచ్చిందామె. నలుగురూ ఒకే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పక్కపక్క సీట్లలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపినవాళ్ళు. రిటైరయ్యాక ఒక్కసారి సముద్రం దాటాలన్నది పదేళ్ళనాటి మాట. ఆమే చివరిదాకా నాన్చింది. పక్షవాతంతో తొమ్మిదేళ్ళుగా మంచాన ఉన్న మామగారికి తిండి, మందు, స్నానం అన్నీ ఆమె చేతిమీదే మరి. ఆఖరికి ఆ పెద్దాయనే, "వెళ్ళిరా అమ్మా, నేనెక్కడికి పారిపోతాను?" అని నవ్వి పంపించాడు.

"మామయ్యగారు లేచారా?" చెప్పులు విప్పుతూనే అడిగింది.

"ముందు టీ తాగు."

"తాగుతాలెండి. ఒకసారి కనిపించి వస్తాను."

"అది కాదే... కాసేపు కూర్చో" అంటున్న భర్తని దాటుకుని గదిలోకి వెళ్ళింది. మంచం లేదు. అది ఉన్నచోట ఇస్త్రీ బల్ల వేసి ఉంది. మందుల అర ఖాళీగా, శుభ్రంగా తుడిచి ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆ గదిని వదలని వాసన కూడా లేదు. ఎవరో ఫినాయిల్ పోసి కడిగేశారు.

"ఆస్పత్రిలో చేర్చారా?" వెనక్కి తిరిగి అడిగింది.

జవాబు వంటింట్లోంచి వచ్చింది. జవాబుతోపాటు ఆడపడుచు కూడా వచ్చింది.

"నాన్న పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. చెయ్యాల్సినవన్నీ అయిపోయాయి. నువ్వు లేవని ఏదీ ఆగలేదులే."

ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నేనే వద్దన్నాను. మంచాన ఉన్న మనిషిని వదిలేసి షికారుకెళ్ళినదానివి, చెప్తే మాత్రం రెక్కలు కట్టుకుని వాలేదానివా? తిరగనీరా, ఆవిడ సరదా ఎందుకు పాడు చెయ్యడం అన్నాను."

"తొమ్మిదేళ్ళలో ఈ గది గుమ్మం దాటి ఎన్నిసార్లు లోపలికొచ్చారు వదినా? ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, బయటినుంచే ఎలా ఉన్నావు నాన్నా అనేవాళ్ళు. ఆయన గోళ్ళు ఏ వేలికి మందమో మీకు తెలుసా? నాకు తెలుసు. నాకు చెప్పొద్దనడానికి మీరెవరు?"

మాటకి మాట బాకీ ఉంచుకోని ఆ వదిన ఈసారి వంటింట్లోకి పోయి గిన్నెల మీద ప్రతాపం చూపించింది.

ఆమె భర్తవైపు తిరిగింది. "రోజూ ఫోన్ చేశాను. రోజూ మామయ్యగారేరీ అన్నాను. నిద్రపోతున్నారన్నారు. పద్దెనిమిది రోజులూ ఒకటే అబద్ధం. ఇంకోటి కూడా దొరకలేదా మీకు?"

"నీ ప్రయాణం పాడవుతుందని..."

"కాదు. మీ అక్క మాట దాటలేక."

"అదీ నిజమే" అన్నాడు భర్త. "కానీ అంతా అదే కాదు. ఆ సాయంత్రం నాన్న నిన్ను అడిగారు. నువ్వు వెళ్ళిన సంగతే మర్చిపోయారు. కోడలేదిరా, కోడలేది అని ఒకటే కలవరింత. వంటింట్లో ఉంది, వచ్చేస్తోంది అన్నాను. సరేనని గుమ్మంవైపే చూస్తూ ఉండిపోయారు. అలాగే పోయారు. నీకు చెబుదామని ఫోన్ తీసినప్పుడల్లా ఆ చూపే గుర్తొచ్చేది. ఎలా చెప్పను?"

భర్తని కడిగి పారేద్దామనుకున్నదల్లా ఆమె గుమ్మంవైపు చూసింది. ముప్పై ఏళ్ళు గొంతులు విని బతికిన మనిషి ఆమె. అవతలివాళ్ళు హలో అంటే చాలు, ఆ ఇంట్లో పెళ్ళో చావో పట్టేస్తుందని ఎక్స్ఛేంజిలో అందరూ పొగిడేవాళ్ళు. మొదటిసారి భర్త "నిద్రపోతున్నారు" అన్నప్పుడు ఆమె పడవల రేవులో ఉంది. టైమైపోతోంది రావే అని స్నేహితురాళ్ళు కేకలు పెడుతున్నారు. సరే, లేచాక చెప్పండి అని ఫోన్ సంచిలో పడేసి పడవెక్కింది.

ఆమె నేలమీద చతికిలపడింది.

"నాకు తెలుసండీ."

"ఏం తెలుసు?"

"ఆ మొదటి రోజే మీ గొంతు మీది కాదు. వెనకాల జనం మాటలు కూడా వినిపించాయి. గుచ్చి అడిగితే మీరు ఆగలేక చెప్పేసేవాళ్ళు. చెప్తే నేను తిరిగి రావాలి. ఇంకా రెండు దేశాలు మిగిలున్నాయి. తొమ్మిదేళ్ళ తర్వాత బయటపడ్డానండీ... రావాలనిపించలేదు."

భర్త మెల్లగా వచ్చి ఆమె పక్కనే నేలమీద కూర్చున్నాడు.

"రోజూ అడిగానే గానీ, మీరు ఆ నిద్ర మాటే చెప్పాలని దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ అడిగాను" అని ఆమె భోరుమంది.

ఆయన ఆమె తలని భుజానికి ఆనించుకున్నాడు. అక్క ముందు అన్ని రోజులూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది ఆయనకి.