కొంగున కట్టిన ఫ్యూజు

శివగామి ఇంట్లో ప్రతి యంత్రానికీ ఒక చిట్కా వైద్యం ఉంది. టీవీలో బొమ్మ ఆగిపోతే ఎడమ పక్కన ఒక్కటివ్వాలి. ఫ్యాను మొండికేస్తే చీపురు కాడతో రెక్కను తొయ్యాలి. మిక్సీ జారు కింద కాగితం మడత పెడితేగాని కదలదు. సర్కారువాళ్లు ఉచితంగా ఇచ్చిన గ్రైండరు ఒక్కటే ఇన్నేళ్లుగా ఏ వైద్యమూ అడగలేదు. ఉన్న రోజులన్నీ వదిలేసి, అది కూడా ఆ రోజే అడిగింది.

ఆ రోజు అత్త కరుప్పాయి మొదటి ఏడాది తిథి. దీపాలు పెట్టే వేళకు ఆమె పటం ముందు అరిటాకు వేసి, ఆమెకు ప్రాణమైన మినపవడలు వడ్డించాలి. బెంగళూరులో మేస్త్రీ పని చేసే మొగుడు తమిళరసన్ ఆ వేళకు సొంతూరు సోగత్తూరు చేరతానన్నాడు. అత్తకని కొన్న కొత్త చీర పొద్దున్నే పటం ముందు పెట్టేసింది. అంగడి మడత కూడా విప్పలేదు. ఇక మిగిలింది వడల పిండే.

అత్త పోయింది కరెంటు వల్లనే. పెరట్లో బట్టలారేసే ఇనుప తీగె ఉంది. బాత్రూము బల్బుకు పోయే వైరు దానికి ఒరుసుకుని ఒరుసుకుని పైతొడుగు ఊడిపోయింది. వాన జల్లులో ఆరేసిన బట్టలు తీయబోయి ఆమె తీగెను ముట్టుకుంది. అంతే. కర్మలు ముగిశాక తమిళరసన్ ఆ వైరుకు నల్ల టేపు రెండు చుట్లు చుట్టి, నైలాన్ తాడు తర్వాత తెస్తానన్నాడు. ఆ 'తర్వాత' ఇంకా రాలేదు.

నిజానికి ఆ ఇంట్లో కరెంటుకు భయపడిన మనిషి ఆమె ఒక్కతే. ఉరిమితే చాలు, బోర్డులోంచి పింగాణీ ఫ్యూజు పెరికి కొంగున ముడి వేసుకునేది. సీరియలు సగంలో ఆగిపోయి శివగామి పళ్లు నూరుకునేది. ఆమె పోయిన రోజు మాత్రం ఉరమలేదు. ఉత్త జల్లే పడింది.

గ్రైండరు తిరుగుతూ తిరుగుతూ ఠక్కున ఆగింది. శివగామి బోర్డు చూసింది. ఫ్యూజు కాలలేదు. అసలు ఫ్యూజే లేదు. వెతికితే పొయ్యి గట్టు మీద కనబడింది.

"నువ్వేమన్నా తీసినావా పాపా?" అని కూతురు విజిని అడిగింది. నాలుగేళ్ల పిల్ల, స్టూలెక్కినా బోర్డు అందదు. విజి తల అడ్డంగా ఊపి, బొమ్మ గిన్నెలు తీసుకుని పెరటి వసారాలోకి పోయింది.

ఫ్యూజు పెట్టింది. పిండి నాలుగు చుట్లు తిరిగిందో లేదో మళ్లీ ఆగింది. ఈసారి ఫ్యూజు బియ్యం డబ్బాలో దొరికింది. మూడోసారి ఎక్కడా దొరకలేదు. బయట మబ్బు కమ్ముకొస్తోంది. పిండి సగమే నలిగింది. శివగామికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

పక్కింటి మారియాయి గోడ మీదుగా తొంగి చూసింది. "ఏమి పాపా, సణుగుతుండావు?"

"ఫ్యూజు కనబడలేదక్కా. తిథి పూటా ఇదే గోల."

"దానికింత బాధేల? రాగితీగె డైరెక్టుగా చుట్టేయి. మా ఇంట్లో ఫ్యూజు మొగం చూసి ఎన్నాళ్లాయెనో."

ఆ వీధంతా తెలిసిన వైద్యమే అది. శివగామి రాగితీగెను మూడు పేటలుగా మెలేసి, చేతికి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని, బోర్డులో అడ్డంగా బిగించింది. గ్రైండరు గర్రుమని లేచింది.

"ఇప్పుడెవరు పెరుకుతారో చూస్తా" అంది, ఎవరితోనో తెలియకుండానే.

వాన మొదలైంది. రేకుల మీద చినుకుల మోత. ఇల్లంతా మసక. వంటింట్లో ఉన్నట్టుండి వక్కాకు వాసన... అత్త నమిలే ఆకు వాసన. పటం ముందు పెట్టిన ఆకులదేమో అనుకుని అటు చూసింది. తమలపాకులు ఇంకా సంచిలోనే ఉన్నాయి.

బల్బు ఒకసారి మెల్లగా తగ్గింది. మళ్లీ వెలిగింది.

"తియ్యి..."

చెవి దగ్గరే. ఊపిరి తగిలినంత దగ్గర.

శివగామి కదల్లేకపోయింది. కళ్లు మాత్రం పటం కిందికి పోయాయి. కొత్త చీర మడత మడతగానే ఉంది. కానీ కొంగు బయటికొచ్చింది... కొసన ముడి. అత్త వేసినట్టే, గట్టిగా, రెండు మెలికల ముడి.

ముడి విప్పింది. లోపల ఫ్యూజు. తడిగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున విజి గౌను పెరట్లో ఆ ఇనుప తీగె మీదే ఆరేసింది.

కిటికీలోంచి చూసింది. వైరుకు చుట్టిన టేపు వానకు ఊడి వేలాడుతోంది. పిల్ల స్టూలు ఈడ్చుకెళ్లి, దాని మీద నిలబడి ఉంది. గౌను కోసం ఒక చెయ్యి పైకి లేచి ఉంది.

శివగామి పొయ్యి దగ్గర కొయ్య తెడ్డు అందుకుంది. బోర్డు మీద ఒక్కటి కొట్టింది... రెండు... నీలం మంట చిమ్మి రాగితీగె ఊడిపడింది. బల్బు ఆరింది. గ్రైండరు ఆగింది. శివగామి వానలోకి పరుగెత్తింది.

విజి బతికే ఉంది. చెయ్యి గాలిలో, తీగెకు జానెడు దూరంలో ఆగిపోయి ఉంది. శివగామి పిల్లను వాటేసుకుని లాగింది. ఒళ్లు వచ్చింది గానీ ఆ చెయ్యి రాలేదు. రెండోసారి బలంగా లాగితే, ఎవరో వేళ్లు సడలించినట్టు వదులైంది.

"అవ్వ పట్టుకొనింది" అంది విజి. "చానాసేపు పట్టుకొనింది."

మణికట్టు చుట్టూ ఎర్రటి వేలిముద్రలు. వక్కాకు నమిలే మనిషి చేతివి. వాన పడుతున్నా కరగడం లేదు.

శివగామి పిల్లను గుండెకు అదుముకుని ఏడ్చేసింది. "అత్తా..." అంది. ఏడాదిలో ఆ పిలుపు నోట రావడం అదే మొదలు.

"అమ్మా" అని విజి చెవిలో గుసగుసలాడింది. "అవ్వకు ఆకలంట. పిండి ఇంకా కాలేదా అంటాంది."

ఇంట్లో దీపం లేదు. బోర్డులో తీగె లేదు. ఫ్యూజు శివగామి గుప్పిట్లోనే ఉంది. ఆమె దాన్ని తడిమి చూసుకుంది.

చీకటి వంటింట్లో గ్రైండరు తిరగసాగింది... మెల్లగా. మధ్యమధ్యలో, అంచులకంటిన పిండిని తడిచేత్తో లోపలికి తోస్తున్న చప్పుడు.