సెలవులో చెప్పని మాట

లీలావతి సంచిలో రెండు జతల బట్టలు సర్ది, పైన తువ్వాలు పెట్టింది. అంతలోనే అన్నీ బయటకు తీసి, అడుగున మందుల డబ్బా ఉందో లేదో చూసింది. ఉంది. మళ్లీ సర్దింది.

"ఎన్నిసార్లు తీసి పెడతావే? సాయంత్రానికి సంచి అరిగిపోతుంది," అన్నాడు కోదండరామయ్య, అరుగు మీద అద్దం ముందు గడ్డం గీసుకుంటూ.

ఆమె జవాబు చెప్పేలోపే ఆయన తల ముందుకు వాలింది. చేతిలో రేజరు అలాగే ఉంది. లీలావతి గబగబా వెళ్లి భుజం తట్టింది. ఆయన ఉలిక్కిపడి, ఏమీ జరగనట్టు రెండో చెంపకు సబ్బు రాసుకున్నాడు.

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఆయనది. రాత్రి సరిగా నిద్రపట్టదు గనుక పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుంది. మిలటరీలో హవల్దారుగా ఉండగా కాపలా డ్యూటీలో నిద్రపోయాడని వైద్య కేటగిరీ తగ్గించి, ఎనభై తొమ్మిదిలో ఇంటికి పంపేశారు. ఈ జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదని కాగితంలో రాసి, వైకల్య పింఛను ఇవ్వలేదు. ఆ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారని బెజవాడ డాక్టరు చెప్పింది రెండేళ్ల కిందటే. అప్పటిదాకా అవనిగడ్డలో అందరికీ ఆయన కునికిపాట్ల హవల్దారే. చిల్లర కొట్టువాడు కూడా వెనకనుంచి అలాగే పిలిచేవాడు. పింఛను కన్నా ఆ పేరు పోవాలనే ఆయన పట్టుదల.

రెండుసార్లు తోసిపుచ్చిన అప్పీలు మర్నాడు సికింద్రాబాదులో మళ్లీ విచారణకు వస్తోంది. జబ్బు సర్వీసులో ఉండగానే మొదలైందని కళ్లారా చూసినవాళ్లు రాసిస్తే మంచిదని బందరు వకీలు చెప్పాడు. బ్యారక్‌లో పక్క మంచం పోతయ్య పోయి ఆరేళ్లయింది. ఇక మిగిలింది, సెలవుల్లో ఆయన పక్కన పడుకున్న భార్య.

కూతురు జ్యోతిర్మయి కాగితం, పెన్ను పట్టుకుని గుడివాడ నుంచి పొద్దున్నే బస్సులో వచ్చింది.

"అమ్మా, ఇలా కూర్చో. పది రోజుల్నుంచి రేపు, రేపు అంటున్నావు. సాయంత్రం బస్సుకి నాన్న వెళ్లిపోతున్నాడు. నువ్వు చూశావా, లేదా?"

"గుర్తులేదే."

"నా పెళ్లిలో ఎవరెవరు ఏ చీర కట్టుకొచ్చారో ఇప్పటికీ చెబుతావు. ఇది గుర్తులేదా?"

"పోనీలేమ్మా," అన్నాడు కోదండరామయ్య, మొహం తుడుచుకుంటూ. "తాగి పడుకున్నానని ఆఫీసర్లు అన్నారు. ఇంట్లో మనిషి కూడా అదే అనుకుంటే, ఇంక అక్కడికెళ్లి నేనేం చెప్పను?"

"చూశాను!"

ఆ అరుపుకి తండ్రీ కూతుళ్లిద్దరూ ఆమె వైపు తిరిగారు. లీలావతి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"డెబ్బై ఏడు ఉప్పెన తర్వాతి వేసవి. ఇల్లు పోయి పాకలో ఉన్నాం. గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయారు. ఇరవై అంకెలు లెక్కపెట్టాను. కుదిపితే నీళ్లలో మునిగి తేలినట్టు ఊపిరి తీశారు. ఆ రాత్రే మళ్లీ నాలుగుసార్లు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఆసుపత్రిలో పడేస్తారని. మీకిచ్చిందే అరవై రోజులు. అప్పటికే పన్నెండు అయిపోయాయి. తర్వాత ప్రతి సెలవులోనూ మీ పక్కన కూర్చుని లేపుతూనే ఉన్నాను. పగలు గిన్నెల దగ్గర తూలుతుంటే, మొగుడొస్తే చాలు కోడలికి నిద్రే నిద్రని మీ అమ్మగారు ఎత్తిపొడిచేవారు. అప్పుడే చెప్పి ఉంటే మీకీ పేరు వచ్చేది కాదు. నావల్లే వచ్చింది."

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకప్పుడే తెలుసు లీలా," అన్నాడు కోదండరామయ్య. "పోతయ్య చెప్పాడు. నా ఊపిరి ఆగినప్పుడల్లా బూటు విసిరి లేపేవాడు. డాక్టరుకి చెబుదాం రారా అని వాడు పోరితే, ఒట్టు వేయించుకుని వాడి నోరు మూయించాను."

"ఎందుకండీ?"

"రిపోర్టు చేస్తే ఇంటికి పంపేసేవాళ్లు. పదిహేనేళ్లు నిండకపోతే పింఛను లేదు. ఇంటికా, కప్పు లేదు."

"ఇంటికి పంపేసేవాళ్లా? డెబ్బై ఎనిమిదిలోనే?"

"ఆ."

లీలావతి మెల్లగా నేలమీద కూర్చుంది.

"పంపిస్తే ఏమైపోయేది? పాకలోనే ఉండేవాళ్లం. పదకొండేళ్లండీ. ఏడాదికి అరవై రోజుల కోసం నేను దాచానా... ఏడాదంతా ఇంట్లో ఉండాల్సినవాళ్లు, రాకుండా ఉండటానికి మీరు దాచారా?"

జ్యోతిర్మయి కళ్లు తుడుచుకుంది. చిన్నప్పుడు నాన్న ఏడీ అంటే గోడమీద ఫొటో చూపించిన పిల్ల తను. కాగితం ముందుకు లాక్కుని, "నువ్వు దాచిన సంగతి కూడా రాయనా నాన్నా?" అని అడిగింది.

"రాయి. ఇద్దరం దాచిన సంగతీ రాయి. ఇన్నాళ్లూ దాచి బావుకున్నదేముంది?"

చదివి వినిపించాక లీలావతి సంతకం చేసింది. కోదండరామయ్య ఆమె ఎదురుగా కింద కూర్చుని, ఆమె చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. పెన్ను తీసుకున్నా చెయ్యి వదల్లేదు.

"ఈసారి వచ్చాక డాక్టరు పెట్టుకోమన్న ఊపిరి మిషనంటే మిషను, ఆసుపత్రంటే ఆసుపత్రి. నువ్వు చెప్పినట్టు వింటాను."

"నేనూ వస్తాను మీతో. రైల్లో ఎవరు లేపుతారు?"

"రెండు రాత్రులేగా. వయసంతా నా పక్కన మెలకువగా కూర్చున్నావు. ఈ రెండు రాత్రులూ కంటినిండా పడుకో. నా మాట విను."

ఆయన అలా అడగడం అదే మొదలు. లీలావతి కాదనలేకపోయింది. సాయంత్రం తల్లీ కూతుళ్లు గుడివాడ దాకా వెళ్లి ఆయన్ని రైలెక్కించారు. ఎదుటి బెర్తు మనిషితో, "మధ్యలో కాస్త లేపుతూ ఉండండి బాబూ," అని లీలావతి కిటికీలోంచి చెప్పింది. అతను సరేనన్నాడు. ఆ రాత్రి కూతురింట్లో చాప మీద వాలగానే ఆమెకు నిద్రపట్టింది. తెల్లారేదాకా మెలకువ రాలేదు.

అప్పీలు నెగ్గినట్టు ఉత్తర్వు జూన్‌లో లీలావతి పేరు మీద వచ్చింది. వకీలు అందజేసిన ఆమె కాగితం చూసి, జబ్బు సర్వీసులోనే మొదలైందని అందులో రాశారు. సోమవారం రాత్రి గుడివాడలో రైలెక్కిన కోదండరామయ్య, 2002 ఫిబ్రవరి 12, మంగళవారం తెల్లవారుజామున ఆ రైల్లోనే నిద్రలో పోయాడు. ఇంటికి తిరిగి రాలేదు.