అమ్మలోని మంచి సగం

గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డను కూతురి మోకాలి మీద పరిచి, తల్లి గడియారం వంక చూసింది. పది నిమిషాలు నానితే తప్ప పాత కట్టు ఊడి రాదు. తొందరపడితే కట్టుతోపాటు చర్మమూ వచ్చేస్తుంది. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి, ఇరవై ఏళ్లుగా, ఆ ఇంట్లో తెల్లవారడమంటే ఇదే. చొక్కా కుట్టు ఒరుసుకున్నా ఒంటి మీద బొబ్బ లేస్తుంది. అయినా ఆ పిల్ల కళ్లజోళ్ల దుకాణంలో ఫోన్లు ఎత్తే పనికి ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్లలేదు.

"మెల్లిగా అమ్మా. అది నా కాలు, కూరగాయ కాదు."

"మెల్లిగానే చేస్తున్నానే తల్లీ. మొన్న చీము పట్టిన దగ్గర్నుంచీ నా చేతులు నా మాట వినట్లేదు."

ఇంతలో ఫోన్ మోగింది. కూతురు వేలి కణుపుతో స్పీకర్ నొక్కింది.

"హాస్పిటల్ నుంచి నర్సునండీ. మీ అమ్మగారి మూలకణాలు మీకు సరిపోతాయని పదిరోజుల క్రితమే ఆవిడకి చెప్పాం. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తట్లేదు. ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా ఆవిడ ఒప్పుకోకపోతే ఈ కొత్త చికిత్సలో మీ చోటు ఇంకొకరికి వెళ్లిపోతుంది."

తల్లి చేతిలో గిన్నె ఒలికి నీళ్లు నేలంతా పారాయి. ఇంట్లో ఆమె చెప్పింది వేరు. "కుదరలేదట. మన రాత అంతే" అంది ఆ రోజు.

కూతురు ఫోన్ పెట్టేసింది.

"పదిరోజులు ఏడ్చాను. పక్కన కూచుని నువ్వూ ఏడ్చావు. ఎందుకమ్మా?"

తల్లి వంగి నేల తుడవసాగింది. స్పీకర్లో నర్సు మాటలు విని, పెరట్లో బల్ల చిత్రిక పడుతున్న తండ్రి లోపలికొచ్చాడు. ఆయన వడ్రంగి. ఒంటి నిండా రంపం పొట్టు.

"ఏమిటే, నిజమేనా?"

"నిజమే! అయితే ఏంటి? ముందు దాని ఎముకల్లోని మూలుగంతా మందులతో చంపేస్తారట. తర్వాత నా ఎముకల్లోంచి కణాలు తీసి దాని రక్తంలోకి ఎక్కిస్తారట. అవి చర్మం దగ్గరికి చేరేలా దారి చూపే కొత్త మందేదో ఇస్తారట. దారి తప్పి ఏ గుండెలోకో పోతే? మధ్యలో జ్వరమొస్తే? కట్లతోనైనా నా కళ్లముందు ఉంది చాలు!"

"నువ్వు బజారుకెళ్తేనే దారి తప్పుతావు. నీ కణాలూ అంతేనని భయమా?" అన్నాడు తండ్రి. ఎవరూ నవ్వలేదు.

"భయమైతే వద్దని నా మొహం మీదే అనాల్సింది" అంది కూతురు. "బాగవుతుందని వాళ్లేం మాటివ్వలేదు. ప్రాణం మీదికి రావచ్చని కూడా చెప్పారు. అన్నీ చదివే సంతకం పెట్టాను. నా ఒంటి గురించి ఈ ఇంట్లో నా మాటకి తప్ప అందరి మాటకీ విలువుంది!"

"నీకేం తెలుసే! ఈ జబ్బు నా నుంచే వచ్చింది!" తల్లి అరిచింది. "తల్లిలో లోపముందని రిపోర్టులో రాశారు. ఒకసారి ఇచ్చింది చాలక, మళ్లీ అదే నీ ఒంట్లో పొయ్యమంటారా? ఏ మొహం పెట్టుకుని పొయ్యను?"



"నాలోనూ ఉందని రాశారు కదే" అన్నాడు తండ్రి, మెల్లిగా.

కూతురు నిట్టూర్చింది. "జిగురు సరిగా పట్టని ప్లైవుడ్డు నాన్న దగ్గర చూశావుగా, పొరకి పొర ఎలా లేచిపోతుందో. నా చర్మమూ అంతే. ఆ జిగురు ఎలా చేయాలో చెప్పే చీటీలు, అదే జన్యువులు, అందరిలో రెండేసి ఉంటాయి. నీ దగ్గర ఒకటి చెడ్డది, ఒకటి మంచిది. నాన్న దగ్గరా అంతే. నా ఖర్మకి ఇద్దరివీ చెడ్డవే వచ్చాయి. మంచిది నీలో ఉంది కాబట్టే నీ చర్మం ఊడట్లేదు. వాళ్లు అడిగేది దాన్నమ్మా."

ఇన్నేళ్లలో తల్లి ఆ రిపోర్టు రెండో పేజీ తిప్పలేదు. మొదటి పేజీలో తన తప్పు కనబడగానే మడిచి బీరువా అడుగున పెట్టేసింది.

"నాలో మంచిది కూడా ఉందా?"

"లేకపోతే పొద్దున్నే ఈ గొడవెందుకు?" అంది కూతురు. కళ్లు నిండినా తుడుచుకోలేదు. తుడిస్తే రెప్పలు రేగిపోతాయి.

తల్లి చీర కొంగుకి చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"ఇందాక మీరు మాట్లాడిన అమ్మాయి తల్లినండీ. ఇంట్లో అబద్ధం చెప్పాను. ఇప్పుడు కణాలివ్వడానికి ఒప్పుకుంటున్నాను."

"సంతోషం అమ్మా. ఏమైనా సందేహాలున్నాయా?"

"బోలెడు. భయం కూడా పోలేదు. భయపడుతూనే ఒప్పుకుందని రాసుకోండి."

"అలా రాయడానికి ఇక్కడ గడి లేదమ్మా" నర్సు నవ్వింది. "రేపు ఉదయం ఎనిమిదికి రండి. భయాలన్నీ డాక్టరుగారికి చెప్పుకోండి."

ఫోన్ పెట్టేసి తల్లి కూతురి పక్కన కూలబడింది. "కోపం పోయిందా?"

"లేదు. పదిరోజుల కోపం, పదిరోజులైనా ఉండాలిగా."

అంటూనే తలను అంగుళం అంగుళంగా వంచి తల్లి భుజం మీద ఆనించింది. గట్టిగా హత్తుకోవాలని తల్లి ప్రాణం కొట్టుకుంది. చేతులు ఒళ్లోనే బిగించి పెట్టుకుని, భుజం కదలకుండా ఊపిరి చిన్నగా తీసుకుంటూ, కన్నీళ్లను మాత్రం కారనిచ్చింది.